కథ నడిచే ఆర్పీజీలు: నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ వైపు చిన్న గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది క్రికెట్, ఫుట్‌బాల్, కాల్పుల ఆటల కోసం వస్తారు. గంటో రెండు గంటలో ఆడి వెళ్లిపోతారు. మూలన ఉన్న రెండు సిస్టమ్‌ల సంగతి వేరు. వాటి మీద మాంత్రికులు, శాపాలు, పాడుబడ్డ కోటలు ఉండి నెలల తరబడి సాగే ఆర్పీజీలు (మనమే ఒక పాత్రగా మారి, కథలో నిర్ణయాలు తీసుకుంటూ ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్‌లు) నడుస్తుంటాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల పక్కన కుర్చీ వేసుకుని కాస్త దారి చూపించడం నాకు చాలా ఇష్టమైన పని. ఆటను తెరవకముందే వీళ్లు బుర్రలో కొన్ని తప్పుడు లెక్కలు వేసుకుని ఉంటారు. వాటివల్ల ఆటలోని అసలు రుచి వాళ్లకు అందకుండా పోతుంది. ఆ లెక్కల గురించే ఈ రాత.

ఉదాహరణలు ఎక్కువగా బాల్డర్స్ గేట్ 3 నుంచే ఇస్తాను. బెల్జియంలోని లారియన్ స్టూడియోస్ 2023 ఆగస్టులో విడుదల చేసిన ఆట ఇది. మా దగ్గర కొత్తవాళ్లు దాదాపు అందరూ దీంతోనే మొదలుపెడుతున్నారు. మొదటి అంకంలోని కొన్ని సంఘటనలు బయటపెట్టక తప్పదు. కథ బొత్తిగా తెలియకుండా ఆడాలనుకునేవాళ్లు ఆ అంకం ముగించి వచ్చి చదవండి.

అపోహ: వంద గంటల ఆట మనలాంటివాళ్లకు కుదరదు

"అన్నా, ఇది అయ్యేలోపల నా డిగ్రీ అయిపోతాదే!" అన్నాడొక కుర్రాడు. వాడి భయం నాకు అర్థమైంది. బాల్డర్స్ గేట్ 3లో ముఖ్యమైన కథనే పట్టుకుని పోయినా 60, 70 గంటలు పడుతుంది. ప్రతి మూలా చూసుకుంటూ పోతే వంద దాటుతుంది.

కానీ పొడుగు కథ మన జిల్లాకు కొత్త కాదు. చిత్తూరు వైపు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర మహాభారత ఉత్సవాలు చూసినవాళ్లకు ఇది తెలుసు. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి తపస్సు రోజు వస్తారు, మధ్యలో రెండు రోజులు పొలం పని చూసుకుంటారు, దుర్యోధన వధకు మళ్లీ వస్తారు. అన్ని రోజులూ కూర్చోలేదని కథ తెలియకుండా పోదు. ఆర్పీజీని కూడా అలాగే ఆడాలి. మంచి ఆర్పీజీ చిన్న చిన్న ఘట్టాలుగా కట్టి ఉంటుంది. ఒక గుహ, ఒక ఊరు, ఒక తగాదా. ఒక్కో ఘట్టం గంటన్నరలో తేలుతుంది. తేలాక సేవ్ చేసి లేచిపోవచ్చు. వారానికి రెండు సాయంత్రాలు కూర్చునేవాళ్లే చివరిదాకా వెళ్లడం నేను ఎక్కువగా చూశాను. మూడు రాత్రులు నిద్ర మానుకుని ఆడినవాళ్లు సాధారణంగా రెండో అంకం దగ్గర విసిగిపోయి వదిలేస్తారు.

అపోహ: కథ తొందరపెడుతోంది కాబట్టి పడుకోకూడదు

ఎంతమంది ఈ పొరపాటు చేస్తారో చెప్పలేను. బాల్డర్స్ గేట్ 3 మొదట్లోనే మీ తలలోకి ఒక పురుగు దూరుతుంది. కొద్దిరోజుల్లో మీరు మైండ్ ఫ్లేయర్ అనే రాక్షసిగా మారిపోతారని తోటివాళ్లు హెచ్చరిస్తారు. దాంతో ఆడేవాడికి టెన్షన్ పట్టుకుంటుంది. స్పెల్స్ (మంత్రాలు) అయిపోయినా, ప్రాణాలు సగానికి పడిపోయినా, అవి తిరిగొచ్చేలా శిబిరానికి వెళ్లి తన పాత్రను పడుకోబెట్టడు. ఈడుస్తూ ఈడుస్తూ గోబ్లిన్ల స్థావరం దాకా పోయి అక్కడ చిత్తవుతాడు.

అసలు సంగతేమిటంటే ఆ పురుగుకు గడియారం లేదు. మీరు ఎన్ని రాత్రులు పడుకున్నా దానివల్ల ఆట ముగియదు. పైగా మీ సహచరుల కథల్లో పెద్ద భాగం రాత్రి శిబిరంలోనే నడుస్తుంది. ఆస్టారియన్ అనే సహచరుడు అసలెవరో, రాత్రిళ్లు ఎందుకు మాయమవుతాడో పడుకుంటేనే తెలుస్తుంది. అసలు పడుకోనివాళ్లకు ఈ సన్నివేశాలు ఒకదాని వెనక ఒకటి పేరుకుపోతాయి. కొన్ని రాకుండానే కథ ముందుకు జరిగిపోతుంది. బ్యాలెన్స్‌డ్ అనే మధ్యస్థ కష్టస్థాయిలో పూర్తి విశ్రాంతికి 40 క్యాంప్ సప్లైలు (శిబిరానికి కావాల్సిన తిండి సామగ్రి) కావాలి. ఆల్ట్ కీ నొక్కితే నేల మీదున్న వస్తువుల పేర్లు తేలుతాయి. బుట్టలూ పెట్టెలూ వెతుక్కుంటూ పోయేవాడికి తిండి ఎప్పుడూ తక్కువ పడదు. రోజులో రెండు చిన్న విశ్రాంతులు ఉచితం. వార్లాక్ అనే రకం మాంత్రికుడికి ఆ చిన్న విశ్రాంతితోనే స్పెల్ స్లాట్లు (మంత్రం వాడే అవకాశాలు) తిరిగొస్తాయి.

దీనికి మినహాయింపులున్నాయి, అవి తప్పక తెలిసుండాలి. దారిలో తగలబడుతున్న సత్రం కనబడితే ముందు లోపలివాళ్లను బయటికి లాగండి. చూసి వెళ్లిపోయి పడుకుంటే వాళ్లు దక్కరు. గ్రిమ్‌ఫోర్జ్ అనే చోట రాళ్ల వెనక విషవాయువులో చిక్కుకున్నవాళ్ల సంగతీ అంతే. నేను చెప్పే గుర్తు ఇది: ప్రమాదం మీ కళ్లెదుట, ఒక్క చోట జరుగుతుంటే తొందరపడండి. కథంతా పరుచుకున్న పెద్ద ముప్పు అయితే నిదానంగా వెళ్లండి.

పాత ఆటల్లోనూ ఈ తికమక ఉంది. 2000లో వచ్చిన బాల్డర్స్ గేట్ 2లో మీ స్నేహితురాలిని ఎత్తుకుపోతారు. ఆమె దగ్గరికి చేర్చడానికి ఒకడు 20,000 బంగారు నాణేలు అడుగుతాడు. గుండె తొందరపెడుతుంది కానీ గడువేమీ ఉండదు. ఆ డబ్బు కూడబెట్టే నెపంతో నగరమంతా తిరగడమే ఆ ఆటలో అందరికీ గుర్తుండిపోయే భాగం. 2018 నాటి పాత్‌ఫైండర్: కింగ్‌మేకర్ దీనికి పూర్తి విరుద్ధం. అందులో మొదటి పెద్ద శత్రువును ఓడించడానికి 3 నెలల గడువిస్తారు, అది నిజమైన గడువు. క్యాలెండర్ చూపించి రోజులు లెక్కపెట్టే ఆటయితే దాని మాట నమ్మండి.

అపోహ: పాచిక తప్పితే వెంటనే పాత సేవ్ లోడ్ చేయాలి

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఎఫ్5 నొక్కితే సేవ్, ఎఫ్8 నొక్కితే లోడ్. కొందరి వేలు ఎఫ్8 మీదే ఉంటుంది. ఈ ఆటలో మాటలతో ఎవరినైనా ఒప్పించబోతే ఫలితాన్ని తెర మీద పడే పాచిక తేలుస్తుంది. ఆ పాచిక కాస్త తక్కువ పడిందో లేదో, టక్కున నొక్కేస్తారు.

ముందు లెక్క చూద్దాం. పాచిక వేసే ఈ పద్ధతి 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్ల మీది ఆట నుంచి వచ్చింది. పాచికకు 20 ముఖాలు. ఎదుటివాణ్ణి ఒప్పించడానికి 15 కావాలి, మీ బోనస్ 3 అనుకోండి. పాచిక మీద 12 లేదా అంతకంటే ఎక్కువ పడాలి. అంటే 20లో 9 అవకాశాలు, 45 శాతం. సగం కంటే ఎక్కువసార్లు తప్పుతుంది. ఇందులో దురదృష్టం ఏమీ లేదు, ఆట అలాగే కట్టారు. అడ్వాంటేజ్ సంపాదిస్తే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుంటారు, అవకాశం దాదాపు 70 శాతానికి పెరుగుతుంది. గైడెన్స్ అనే చిన్న స్పెల్ ఇంకో 1 నుంచి 4 దాకా కలుపుతుంది. ఎన్ని కలిపినా 1 పడితే ఓటమే. 20 పడితే గెలుపే. ఎఫ్8 నొక్కే ముందు ఇవన్నీ వాడారా అని నేను అడుగుతుంటాను. చాలామందికి గైడెన్స్ సంగతే తెలియదు.

ఇంకా పెద్ద విషయం ఏమిటంటే, తప్పిన పాచికకు కూడా వీళ్లు కథ రాసి పెట్టారు. పాలిటెక్నిక్ కుర్రాడు ఒకడు మొదటిసారి ఆడుతున్నాడు. ఎమరాల్డ్ గ్రోవ్ అనే స్థావరంలో కాగా అనే ఆమె, విగ్రహం దొంగిలించిందని ఒక చిన్నపిల్లను పాముతో బెదిరిస్తూ నిలబడి ఉంటుంది. వీడు నచ్చజెప్పబోయాడు. పాచిక తప్పింది. పాము కాటేసింది, పాప చచ్చిపోయింది. వాడి చెయ్యి కీబోర్డు పైవరసకు పోయింది. "వద్దు నాయనా, ఒక్క అరగంట ఇలాగే ఆడి చూడు" అన్నాను.

వాడు పాప అమ్మానాన్నల దగ్గరికి వెళ్లాడు. వాళ్ల మాటలు విని కాసేపు మౌస్ కదపలేదు. తర్వాత కోపం పట్టలేక కాగా గదిలోకి దొంగచాటుగా దూరి, తాళం వేసిన పెట్టె తెరిచాడు. అందులో ఒక చీటీ. ఆ చీటీ పట్టుకుని చిత్తడి నేలల దాకా పోయాడు. అక్కడ చెట్టు దగ్గర కాపలా ఉన్న మాను రాక్షసులతో కొట్లాడి, దాచిపెట్టిన ఉత్తరం సంపాదించాడు. కాగా వెనక ఎవరున్నారో అందులో ఉంది. దాన్ని తెచ్చి అందరి ముందూ ఆమెను నిలదీశాడు. మొదటి ప్రయత్నంలోనే పాపను కాపాడి, "థ్యాంక్స్" చెప్పించుకుని ముందుకెళ్లిపోయినవాళ్లలో చాలామంది ఆ పెట్టె తెరవనే తెరవరు. పాప బతికి ఉంటే రెండో అంకంలో మళ్లీ కనిపిస్తుంది, దానికి వేరే కథ ఉంది. వీడు అది పోగొట్టుకున్నాడు, ఇది సంపాదించుకున్నాడు. రెండూ రాసినవాళ్లు శ్రద్ధగా రాసినవే.

నేను పెట్టే షరతు చిన్నది. యుద్ధంలో అందరూ చచ్చిపోతే లోడ్ చేయండి, వేరే దారి లేదు. ఆట హఠాత్తుగా ఆగిపోయినా, వేరే మాట నొక్కబోయి చెయ్యి జారినా లోడ్ చేయండి. మాటల్లో పాచిక తప్పితే మాత్రం అలా ముందుకు వెళ్లండి.

అపోహ: చేతి వేగం లేనివాడికి ఇవి రావు

బాల్డర్స్ గేట్ 3లో యుద్ధం వంతులవారీగా నడుస్తుంది. మీ వంతు వచ్చాక టీ తాగొచ్చి ఆలోచించినా శత్రువు కదలడు. 1998 నాటి మొదటి భాగంలో యుద్ధం ఆగకుండా సాగుతుంది కానీ స్పేస్ బార్ నొక్కితే అంతా నిలబడిపోతుంది. ఇక్కడ గెలిపించేది కంటిచూపు. ఎత్తు మీద నిలబడి బాణం వేస్తే గురికి 2 కలుస్తుంది. నీళ్లలో తడిసినవాడికి మెరుపు దెబ్బ రెట్టింపు తగులుతుంది. గ్రీజు పోసి నిప్పంటించవచ్చు. కొండ అంచున నిలబడ్డవాణ్ణి కత్తితో పొడవక్కర్లేదు, తోసేస్తే చాలు. శత్రువు మీద కర్సర్ పెట్టి కీబోర్డులో 'T' కీ నొక్కితే వాడి బలాలూ బలహీనతలూ మొత్తం చదువుకోవచ్చు. ఈ ఒక్క కీ అలవాటైనవాడు సగం యుద్ధాలు మొదటి వంతులోనే తేల్చేస్తాడు.

"మా వాడు ఎప్పుడు చూసినా చంపుకోవడమే ఆడుతున్నాడు సార్" అని అమ్మానాన్నలు నాతో అంటుంటారు. వాళ్లకు 1999 నాటి ప్లేన్‌స్కేప్: టార్మెంట్ గురించి చెబుతాను. అందులో నాయకుడికి చావు లేదు, ఎవరు చంపినా మళ్లీ లేస్తాడు. తనెవరో తనకే గుర్తులేదు. ఆ గుర్తు వెతుక్కోవడమే కథ. కండబలం కంటే వివేకం, తెలివి పెంచుకున్నవాడికి ఎక్కువ దారులు తెరుచుకుంటాయి, చాలా పోట్లాటలు మాటలతోనే తప్పుతాయి. ఆ ఆట నిండా చదవాల్సిందే.

అపోహ: ఇంగ్లిష్ బాగా రాకపోతే అర్థం కాదు

తెలుగు సబ్‌టైటిల్స్ లేవన్నది నిజం. లారియన్‌వాళ్లు ఎన్నో భాషలు పెట్టారు, మన భాష పెట్టలేదు. అది నాకు ఎప్పటికీ వెలితే. కానీ సినిమాలా మాట దాటిపోదు. జవాబు ఎంచుకునేదాకా అవతలి మనిషి ఎదురుచూస్తాడు. సబ్‌టైటిల్స్ సైజు పెంచి, పక్కన ఫోన్‌లో డిక్షనరీ పెట్టుకుని ఆడే తెలుగు మీడియం పిల్లలు మా దగ్గర ఉన్నారు. మొదటి వారం కష్టం. తర్వాత ఆగి వెతుక్కునేది తగ్గిపోతుంది.

అపోహ: లక్ష రూపాయల కంప్యూటర్ ఉండాలి

బాల్డర్స్ గేట్ 3కి కనీసం 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 970 స్థాయి గ్రాఫిక్స్ కార్డు, 150 జీబీ ఖాళీ ఉన్న ఎస్ఎస్‌డీ కావాలి. మూడో అంకంలో నగరంలోకి వెళ్లాక ప్రాసెసర్ మీద భారం బాగా పెరుగుతుంది, పాత మెషీన్లు అక్కడ నత్తనడక నడుస్తాయి. ఇదేదీ లేనివాళ్లు 2012లో కొత్త హంగులతో వచ్చిన మొదటి బాల్డర్స్ గేట్ తీసుకోండి. ఇంట్లో ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు, ఫోన్‌లోనూ దొరుకుతుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. అందులో కవచం అంకె ఎంత తగ్గితే అంత మంచిది, కొత్త ఆటల్లో ఎంత పెరిగితే అంత మంచిది. ఇది తెలియక మంచి కవచం అమ్మేసుకునేవాళ్లున్నారు.

అపోహ: ఈజీలో ఆడితే ఆడినట్టు కాదు, గైడ్ చూడకపోతే క్యారెక్టర్ పాడవుతుంది

కథ కోసం వచ్చినవాళ్లు ఎక్స్‌ప్లోరర్ అనే తేలిక స్థాయిలో హాయిగా ఆడండి. రెండు క్లాసులు (యోధుడు, మాంత్రికుడు లాంటి పాత్ర రకాలు) కలపడం అందులో కుదరదు, మొదటిసారి ఆడేవాడికి ఆ అవసరం కూడా రాదు. క్యారెక్టర్ తప్పుగా కట్టుకున్నామన్న భయం అక్కర్లేదు. మొదటి అంకంలోనే ఒక పాత సమాధిలో విదర్స్ అనే అస్థిపంజరం దొరుకుతాడు. శిబిరానికి వచ్చాక 100 బంగారు నాణేలిస్తే మీ క్లాసు మొత్తం మార్చేస్తాడు, సహచరులది కూడా. ఇక గైడ్ వీడియోలు ముందే చూసి ఆడేవాళ్లను ఆపలేను కానీ, ఏ పెట్టెలో ఏముందో ముందే తెలిస్తే ఆ పాలిటెక్నిక్ కుర్రాడికి వచ్చిన కోపం మీకు రాదు. గంటసేపు ఒకే చోట చిక్కుకుపోతే అప్పుడు చూడండి.

అపోహ: పరీక్షల గ్యాప్ వస్తే మళ్లీ మొదటి నుంచి ఆడాలి

సెమిస్టర్ అయిపోయి వచ్చినవాళ్లు ఎక్కువమంది చేసేది ఇదే. కొత్త క్యారెక్టర్ కట్టి, ఆట మొదలయ్యే అదే ఓడలో మళ్లీ లేస్తారు. అందుకే మొదటి అంకం నాలుగుసార్లు ఆడి మూడో అంకం ఒక్కసారీ చూడనివాళ్లు బోలెడంతమంది. అలా చేయకండి. పాత సేవ్ తెరిచి నేరుగా శిబిరానికి వెళ్లండి. అక్కడ ఒక్కొక్క సహచరుడితో మాట్లాడండి, ఎవరు దేని గురించి బెంగపడుతున్నారో వాళ్లే చెబుతారు. జర్నల్ తెరిచి చివరి మూడు పద్దులు చదవండి. స్పెల్స్ గుర్తులేకపోతే ఒక్కోదాని మీద కర్సర్ పెట్టి చదువుకోండి, పదినిమిషాల పని. తర్వాత జర్నల్‌లో దగ్గరున్న చిన్న క్వెస్ట్ ఒకటి ఎంచుకుని, దాన్ని ముగించేదాకా పెద్ద కథ జోలికి పోకుండా ఆడండి.