ఓటు ఎగిరిపోవడం వెనక కథ

ఎన్నికలు వస్తే చాలు, మా కనిగిరి, పామూరు వైపు ఈ మాట వినపడుతుంది: "నా ఓటు ఎగిరిపోయింది." రాత్రంతా బస్సులో కూర్చుని హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వచ్చిన బేల్దారి మేస్త్రీ పొద్దున్నే బూత్ దగ్గర లిస్టు వెతుక్కుని అనే మాట.

ఇది కొత్తదేం కాదు. 1951-52 మొదటి ఎన్నికలకి అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఓటర్ల జాబితా రాయించినప్పుడు (అప్పుడు మనది మద్రాసు రాష్ట్రం, కనిగిరి ఉన్నది నెల్లూరు జిల్లాలో) దేశం మొత్తం మీద 17 కోట్లకు పైగా పేర్లు ఎక్కాయి. కానీ ఉత్తరాదిలో చాలామంది ఆడవాళ్లు సొంత పేరు చెప్పకుండా ఫలానా ఆయన భార్యని, ఫలానావాడి తల్లిని అని రాయించుకున్నారు. అలా కుదరదని దాదాపు 28 లక్షల మందిని తీసేశారు. మన పల్లెల్లో మాత్రం పెద్దకోడలు, చిన్నకోడలు తప్ప పేర్లు ఎవరు పలికేవాళ్లు?

తర్వాత గోలంతా దొంగ ఓట్ల మీదే. 1993లో అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ శేషన్ ఫొటో ఓటరు కార్డులు తెచ్చాడు. కార్డుంటే ఓటున్నట్టే అనే భ్రమ కూడా దాంతోపాటే వచ్చింది, జాబితాలో పేరు లేకపోతే ఆ కార్డు చూపించినా ఓటు వేయనివ్వరు. ఇక రెండు చోట్ల ఓటు సంగతి మనకి తెలియనిదా? చట్టం ఒప్పుకోదు, కానీ 2009లో హైదరాబాద్‌లో ఏప్రిల్ 16న, మనకి 23న, 2014లో అక్కడ ఏప్రిల్ 30న, ఇక్కడ మే 7న పోలింగ్ పెడితే రెండుచోట్లా వేసినవాళ్లు లేరంటే నేను నమ్మను. 2019లోనూ 2024లోనూ రెండు రాష్ట్రాలకీ ఒకే రోజు రావడంతో ఆ దారి చాలావరకు మూసుకుపోయింది.

ఈ డబుల్ ఓట్లు పట్టడానికే ఆధార్ లింకు అన్నారు. 2015లో మొదలుపెడితే ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆగింది, 2021 చట్ట సవరణ తర్వాత 2022 ఆగస్టు నుంచి ఓటరు తన ఆధార్ నంబరు రాసిచ్చే ఫారం-6బి రూపంలో మళ్లీ వచ్చింది, ఇష్టమైతేనే ఇవ్వొచ్చు. అదే సవరణతో ఒక మంచి పని జరిగింది. అంతకుముందు జనవరి 2న పద్దెనిమిది నిండిన పిల్లాడు ఏడాదంతా ఆగాల్సి వచ్చేది, ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో దేన్నయినా లెక్కలోకి తీసుకుంటారు.

చేర్చడం ఇంత తేలికయింది సరే, తీసేయడం? 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో పేరు తీసేయమని పెట్టే అర్జీలు, అంటే ఫారం-7లు, లక్షల్లో పడ్డాయి. ఎవరి పేరు మీద అర్జీ పడిందో వాళ్లకే తెలియదని కేసులు కూడా పెట్టారు. నోటీసు ఇవ్వకుండా పేరు తీయకూడదని సుప్రీంకోర్టు 1995లోనే లాల్ బాబు హుస్సేన్ కేసులో చెప్పింది. అయితే ఆ నోటీసు వెళ్లేది జాబితాలో ఉన్న అడ్రసుకి. మా వైపు ఆ ఇంటికి తాళం వేసి ఉంటుంది, మనిషేమో కూకట్‌పల్లిలో పనిలో ఉంటాడు. పేరు చేర్చమని ఇచ్చే ఫారం-6లో ఫోన్ నంబరు రాసే గడి ఎలాగూ ఉంది కదా, తీసేముందు ఆ నంబరుకి ఒక ఫోన్ చేస్తే ఏం పోయింది?