నిరుద్యోగ రేటు తక్కువైతే బతుకు బాగున్నట్టేనా? అపోహలు - వాస్తవాలు

ఉపాధి సర్వే పని మీద గుంటూరు, విజయవాడల్లో ఇల్లిల్లూ తిరుగుతుంటాను. నా ప్రశ్నలు మొదలుకాకముందే తలుపు తీసినవారు తమ ప్రశ్న వేస్తారు: "మన రాష్ట్రంలోనే ఉద్యోగాలు లేవటగా?" ఫోనులో వచ్చిన రాష్ట్రాల జాబితా చూపిస్తారు. ర్యాంకులు, పక్కన ఎర్ర బాణాలు. వాటిని తయారుచేసేవారు ఖాళీగా ఉన్నారనుకుంటాను. వారిని ఏ గడిలో నమోదు చేయాలో మాత్రం నాకు తెలుసు.

అపోహ: నిరుద్యోగ రేటు తక్కువగా ఉన్న రాష్ట్రంలో పనీ, కూలీ బాగుంటాయి.

నిరుద్యోగ రేటంటే పని చేస్తున్నవారు, వెతుకుతున్నవారు కలిపిన మొత్తంలో పని దొరకనివారి వాటా. కేంద్ర ప్రభుత్వం జరిపే ఉపాధి సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) 2023-24 లెక్కల ప్రకారం 15 ఏళ్లు, ఆపై వయసువారిలో అది దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 4.1, కేరళలో 7.2, మధ్యప్రదేశ్‌లో 1 శాతం. ఈ లెక్కన మలయాళీలు పని వెతుక్కుంటూ భోపాల్ రైలెక్కాలి. ఎక్కుతున్నారా? రిజర్వు బ్యాంకు గణాంకాలు చూడండి. 2022-23లో పల్లెల్లో వ్యవసాయ పనికి వెళ్లే మగవారి సగటు దినకూలి కేరళలో 764 రూపాయలు, మధ్యప్రదేశ్‌లో 229. నిరుద్యోగం దాదాపు లేదన్న చోట కూలి మూడో వంతు కూడా లేదు.

కిటుకు మేం అడిగే ప్రశ్నలోనే ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఖాళీగా ఉన్నా, ఏదో ఒక పని 30 రోజులకు తగ్గకుండా చేసి ఉంటే ఉపాధి ఉన్నట్టే రాసుకుంటాం. వారపు లెక్కలోనైతే ఏడు రోజుల్లో ఒక గంట చాలు. పైసా తీసుకోకుండా నాన్న కొట్లో కూర్చున్నా పనే. పూట గడవనివాడు ఏ పని దొరికితే అది చేస్తాడు, కాబట్టి అతడు నిరుద్యోగి కాడు. అదే 2023-24 సర్వేలో కేరళలో 15-29 ఏళ్ల వారిలో 29.9 శాతం నిరుద్యోగం కనిపించింది. చదువుకున్నారు, ఇంటి నుంచో గల్ఫ్ నుంచో ఆసరా ఉంది, చదువుకు తగ్గ పని కోసం ఆగగలుగుతున్నారు. అది సమస్య కాదనను. కానీ అది వేరే సమస్య.

అంత దూరం ఎందుకు, మన రాష్ట్రంలోనే చూడండి. జనవరి దాటితే ప్రత్తిపాడు, మేడికొండూరు వైపు మిరప చేల పక్కన పట్టాల గుడారాలు లేస్తాయి. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే కోతకు వస్తాయి. అక్కడ వానాకాలం పంట తీశాక చేయడానికి పనుండదు. ఇక్కడ కాయంతా ఒక్కసారి పండి కోయడానికి మనుషులు చాలరు. "ఊళ్లో పనుంటే పిల్లల్ని బడి మాన్పించి ఇంత దూరం ఎందుకొస్తాం సార్" అంది ఒకావిడ. లెక్కల్లో మాత్రం ఆమె ఉపాధి ఉన్న మనిషే. బయటివారు వచ్చి మన పని లాక్కుంటున్నారని గొణిగే పెద్దమనుషులూ ఇక్కడే ఉన్నారు. వాళ్లు రాకపోతే గుంటూరు మిర్చి యార్డుకు సరుకెలా వస్తుందో చెప్పరు.

పెదనందిపాడు దగ్గర ఒక మిరప రైతు అరెకరం అమ్మి, కొడుకును వేరే రాష్ట్రంలో ఉద్యోగానికి పంపే ఆలోచనలో కనిపించారు. "అక్కడ నిరుద్యోగమే లేదట" అన్నది మధ్యవర్తి చెప్పిన మాట. సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంది, ధర లేదు, పిల్లవాడు డిగ్రీ చేసి ఇంట్లో ఉన్నాడు. ఆయన కంగారును తప్పుపట్టలేను. "బాబాయ్, నిరుద్యోగం లేదంటే ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయని కాదు. నెల జీతం, పీఎఫ్, పనిచేసే చోటు నియామక పత్రంలో రాసిమ్మనండి. ముందే డబ్బడిగితే లేచి వచ్చేయండి" అన్నాను. 2023-24లో దేశంలో పనిచేస్తున్నవారిలో నెల జీతగాళ్లు 21.7 శాతమే. ఏ ప్రాంతానికి వెళ్లాలన్నా అక్కడ ఆ వాటా ఎంత, మీ పిల్లల చదువుకు ఇచ్చే జీతం ఎంత అని అడగండి. రేటును పక్కన పెట్టండి.

అపోహ: హైదరాబాదులో జీతం ఎక్కువ, కాబట్టి మిగులూ ఎక్కువ.

అద్దె తీసేసి పోల్చండి. కేంద్ర ప్రభుత్వమే తన ఉద్యోగులకు ఇంటి అద్దె భత్యం హైదరాబాదులో మూల వేతనంపై 30 శాతం, విజయవాడ, గుంటూరుల్లో 20 శాతం ఇస్తోంది. అయితే మొదటి ఉద్యోగం నచ్చకపోతే రెండోది వెతుక్కోవడం పెద్ద నగరంలోనే తేలిక. వెళ్లదలిస్తే ఆ లెక్కతో వెళ్లండి.

అపోహ: ఉపాధి హామీ కూలి దేశమంతా ఒక్కటే.

కాదు. 2025-26లో మనకు రోజుకు 307 రూపాయలు, హర్యానాలో 400.

అపోహ: సర్వేలో నిజం చెబితే రేషన్ కార్డు, పింఛను పోతాయి.

ఇది విని విని విసుగొచ్చింది గానీ, భయపడే ముసలమ్మ మీద కోపం రాదు. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ప్రకారం మీరిచ్చిన వివరాలు గణాంకాలకే వాడాలి, మీ పేరుతో బయటపెట్టకూడదు. కార్డు పోతుందేమోనని రొయ్యల షెడ్డుకు వెళ్లే కోడలిని "ఇంట్లోనే ఉంటుంది" అని రాయిస్తే, ఆమె కూలి ఎంత తక్కువో ఏ పట్టికలోనూ కనిపించదు.