ఒకే బ్యాంకు, రెండు రకాల మినిట్స్

ప్రభుత్వ సంస్థల బోర్డుల్లో ఏం మాట్లాడుకున్నారో జనానికి చెప్పాలా అన్న పేచీ మళ్లీ మొదలైంది. ప్రభుత్వ సంస్థల సమాచారం అడిగే హక్కు జనానికిచ్చింది సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ). చిక్కు అందులోని సెక్షన్ 4(1)(బి) ఎనిమిదో అంశంలో ఉంది. సమావేశాలకు జనాన్ని రానిస్తారా, మినిట్స్ (చర్చ, నిర్ణయాల లిఖిత రికార్డు) చూడనిస్తారా అన్నది సంస్థ ప్రకటించాలంటుందది. రానివ్వమని మాత్రం అనదు. ‘ప్రవేశం లేదు’ అని వెబ్‌సైట్‌లో ఒక్క ముక్క రాస్తే ఆ అంశం పాటించినట్టే.

అంతకంటే ఎక్కువ చేయడం కుదరదా? 2016లో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి వడ్డీ రేటు తేల్చే ద్రవ్య విధాన కమిటీని పెట్టారు. సెక్షన్ 45జెడ్‌ఎల్ ప్రకారం సమావేశమైన 14వ రోజున మినిట్స్ ప్రచురించాలి. ఎవరు ఎటు ఓటేశారు, ఏమన్నారు అన్నది సభ్యుల వారీగా ఉండాలి. తొలి సమావేశం అక్టోబరు 4న ముగిసింది, 18న మినిట్స్ వచ్చేశాయి.

సరిగ్గా మూడు వారాలకు, నవంబరు 8 సాయంత్రం 5.30కి, అదే బ్యాంకు పాలన చూసే సెంట్రల్ బోర్డు ఢిల్లీలో కూర్చుంది. 561వ సమావేశం. రాత్రి 8కి పెద్ద నోట్ల రద్దు ప్రకటన. ఆ మినిట్స్ జనం కంట పడింది 2019 మార్చిలో, అదీ ఆర్టీఐ దరఖాస్తు పెడితే. నల్లధనంలో ఎక్కువ భాగం నగదుగా లేదని, బంగారం, స్థిరాస్తుల రూపంలో ఉందని, ఆ ఏడాది జీడీపీకి దెబ్బ తగులుతుందని అందులో ఉంది. అయినా బోర్డు నోట్ల రద్దుకే సిఫార్సు చేసింది.

ముందే పొక్కితే కొంప మునుగుతుందని, రికార్డు బయటికెళ్తుందంటే సభ్యులు నోరు విప్పరని అధికారుల వాదన. నిర్ణయానికి ముందైతే సరే. అయిపోయాక రెండేళ్లు దేనికి?

ఇప్పుడు దరఖాస్తు పెట్టేవారు ‘మినిట్స్ ఇవ్వండి’ అని ఊరుకుంటే తీర్మానం కాగితం ఒక్కటే చేతికి రావచ్చు. ఎజెండా, సభ్యులకు పంచిన నోట్, హాజరు పట్టిక, సంతకమైన మినిట్స్ విడివిడిగా అడగాలి. కేంద్ర సంస్థలకు ఫీజు రూ.10, జవాబుకు 30 రోజులు. కాదంటే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. దేశ ఆర్థిక ప్రయోజనాలంటూ సెక్షన్ 8(1)(ఎ), వ్యాపార రహస్యమంటూ 8(1)(డి) మినహాయింపులు చూపి మొత్తం ఆపేస్తే, సెక్షన్ 10 కింద ఆ భాగం కొట్టేసి మిగతాది ఇవ్వమనాలి. 8(1)(ఐ) మినహాయింపు కేబినెట్ పత్రాలది. నిర్ణయం పూర్తయ్యాక వాటినీ బయటపెట్టాలనే అందులో ఉంది.

సంతకం ఏ రోజు పెట్టారో కూడా అడగాలి. నవంబరు 8 మినిట్స్‌ మీద గవర్నరు సంతకం డిసెంబరు 15న పడింది.