ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి గవర్నమెంట్ డబ్బులెందుకు కట్టాలి: మీటింగుల్లో వినే అపోహలు, అసలు సంగతి

మాదాపూర్‌లో కూర్చుని గవర్నమెంట్ ప్రాజెక్టులకి సర్వర్లు చూసుకునే పని నాది. ఈ మాటలు విని విని చెవులు చిల్లులు పడ్డాయి, అందుకే రాస్తున్నా.

అపోహ: ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్) అంటే ఫ్రీయే కదా, బడ్జెట్ ఎందుకు?

వాస్తవం: డౌన్‌లోడ్ ఫ్రీ, అంతవరకే. రిపేర్లు ఎవరో ఒకళ్ళు చెయ్యాలిగా. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే సెక్యూరిటీ లోపం బయటపడేనాటికి, బ్యాంకుల సైట్ల దగ్గర్నుంచి అందరూ నమ్ముకున్న, ఆ లోపం దొరికిన ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి ఏడాదికి వచ్చే విరాళాలు 2,000 డాలర్లు అటూ ఇటూ, ఫుల్‌టైమ్‌గా పనిచేసేది ఒక్క మనిషి. అప్పటి రేటుకి నెలకి పదివేల రూపాయలు, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి అంతకన్నా ఎక్కువే ఇస్తున్నాం.

అపోహ: పెద్ద కంపెనీలు చూసుకుంటాయిలే.

వాస్తవం: 2024లో ఎక్స్‌జెడ్ (లైనక్స్ సర్వర్లలో ఫైళ్ళు కుదించే ఓపెన్ సోర్స్ టూల్) సంగతి చూశాం కదా. దాన్ని చూసుకునేది అలసిపోయిన ఒక్క మెయింటెయినర్, సాయం చేస్తానని రెండేళ్ళు నమ్మకంగా తిరిగి దొంగదారి పెట్టినవాడు ఇంకొకడు. లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేంటని ఒక ఇంజినీరు తవ్వబట్టి దొరికింది, లేకపోతే అంతే సంగతులు.

అపోహ: మనమే సొంతంగా కట్టుకుందాం.

వాస్తవం: కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ళ బాస్ లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా డెబియన్ అనే ఓపెన్ సోర్స్ సిస్టమ్ మీద కట్టిందే. కొత్తదానికి రిబ్బన్ కటింగ్ ఉంటుంది, బగ్ ఫిక్సుకి ఉండదు. ఒకసారి సర్టిఫికెట్ ప్రింటులో లక్ష్మి అనే పేరు ఒత్తులన్నీ విడిపోయి లక్‌ష్‌మి అని వచ్చింది, పాపం ఆవిడ రెండుసార్లు తిరిగింది. మేం వాడిన పీడీఎఫ్ లైబ్రరీకి తెలుగు ఒత్తులు కూర్చోబెట్టడం రాదు, చివరికి హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ గుండా పంపిస్తే కుదిరింది. ఆండ్రాయిడ్‌లో, లిబ్రేఆఫీస్‌లో మన ఒత్తులు నిలబెట్టేది అదే. దానికి మేం పైసా కట్టలేదు, మాతో కట్టించినవాళ్ళూ లేరు.

అపోహ: ఇద్దామన్నా రూల్స్ ఒప్పుకోవు.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. టెండర్‌కి బిడ్లు వేసేముందు జరిగే ఒక ప్రీబిడ్ మీటింగులో డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ (ఇదీ ఓపెన్ సోర్సే) అన్నాం, "ఎంఏఎఫ్ ఏదండీ?" అన్నారు ఆఫీసరుగారు. తయారుచేసిన కంపెనీ ఇచ్చే లెటర్ అన్నమాట. దీనికి కంపెనీ లేదు సర్ అంటే, "మరి రేపు పాడైతే ఎవర్ని పట్టుకోవాలి?" అన్నారు. నన్నడిగితే ఆ ప్రశ్నలో తప్పేం లేదు, దానికి జవాబుగా కొనే వస్తువే తప్పు, లెటర్ కోసం లైసెన్స్ కొంటారు. జర్మనీ 2022లో సావరిన్ టెక్ ఫండ్ పెట్టి వేరే దారి పట్టింది, విరాళం కాదు, పనికి కాంట్రాక్టు: పాత కోడ్ శుభ్రం చెయ్యడం, సెక్యూరిటీ ఆడిట్, టెస్టులు. 2023లో లైనక్స్ డెస్క్‌టాప్ ఒక్క గ్నోమ్‌కే 10 లక్షల యూరోలు. మన దగ్గర 2015లోనే కేంద్రం ఓపెన్ సోర్స్ వాడండి అని పాలసీ ఇచ్చింది, నేను చూసిన టెండర్లలో మాత్రం అలాంటి రిపేరు పనికంటూ ఒక్క వరస లేదు. ప్రింటర్ల ఏఎంసీకి (ఏటా మరమ్మతులకిచ్చే కాంట్రాక్టు) ఉంటుంది, ఏసీలకి ఉంటుంది. ఆ ఏఎంసీ కిందే ఒక శాతం ఇలాంటి కాంట్రాక్టులకని రాస్తే కొత్త చట్టం కూడా అక్కర్లేదని నా లెక్క.

ఇంతకీ ఆ పోస్ట్‌గ్రెస్ టెండర్ బీఓక్యూలో (రేట్లు నింపే షీట్) డేటాబేస్ లైసెన్స్ అన్న గడిలో సున్నా కొడితే షీట్ తీసుకోలేదు, చేసేదిలేక ఒక రూపాయి అని కొట్టాం. ఆ రూపాయి మా కంపెనీకే వచ్చింది.