పుటుక్కుమన్న అక్షరం

"చైనా అక్షరాలన్నీ బొమ్మలే కదండీ?" అని మొన్న ఒక పాఠకురాలు అడిగారు. కావు. చెట్టు, కొండ, గుర్రం లాంటివి కొన్ని బొమ్మలే. ఎక్కువ భాగం మాత్రం అర్థాన్ని పట్టిచ్చే ముక్క ఒకటి, పలుకును పట్టిచ్చే ముక్క ఒకటి కలిపి అతికించినవి. చెట్టూ కొండా ప్రతి పాఠంలోనూ చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను. నాకు ముచ్చటైన అక్షరం వేరే ఉంది. నిలువుగా ఒక గీత, దాని నడుము దగ్గర కుడివైపుకు జారే చిన్న గీత, అంతే. ఇప్పటి బీజింగ్ ఉచ్చారణలో 'బూ'. శకునం చూడటం అని అర్థం. ఇది ఏ వస్తువుకూ బొమ్మ కాదు, ఒక బీటకు బొమ్మ.

క్రీ.పూ. 1250 ప్రాంతంలో, ఇప్పటి హెనాన్ రాష్ట్రంలోని ఆన్యాంగ్ దగ్గర షాంగ్ వంశపు రాజులు ఏ పని చేయాలన్నా ఎముకను అడిగేవారు. వాన, యుద్ధం, పంట, చివరికి రాజుగారి పంటి నొప్పి కూడా. ఎద్దు భుజపుటెముకనో, తాబేలు పొట్టవైపు చిప్పనో శుభ్రం చేసి, నునుపు చేసి, దాని వెనుకవైపు ఉలి పెట్టేవారు. అసలు కిటుకంతా ఈ వెనుకవైపే ఉంది. ముందు ఖర్జూరపు గింజ ఆకారంలో నిలువుగా ఒక గాడి తొలిచేవారు. చాలాసార్లు దాని పక్కనే, గాడిని ఆనుకుని, ఒక గుండ్రటి గుంట కూడా. రెండూ ఎముకను దాదాపు చీల్చుకుని బయటికి వచ్చేంత లోతు, కానీ రావు. తర్వాత ఆ గుంట దగ్గర నిప్పుతో కాల్చి, ముందువైపు పడిన బీటను జవాబుగా చదివేవారు.

గాజు గ్లాసులో మరిగే టీ పోసి చూసినవాళ్లకు తర్వాత జరిగేది తెలుసు. లోపలి ముఖం వేడెక్కి సాగాలని చూస్తుంది. బయటి ముఖం ఇంకా చల్లగా ఉండి కదలనంటుంది. ఆ లాగుడంతా చల్లటి ముఖం మీద పడుతుంది. పెళుసు పదార్థం నొక్కుడును ఓర్చుకున్నంతగా లాగుడును ఓర్చుకోలేదు కాబట్టి, అన్నిటికంటే పలచగా ఉన్న చోట తెగుతుంది. ఎముకలో పలచటి చోటు ఎక్కడ? గాడి అడుగున. అందుకే ముందువైపు నిలువు బీట వస్తుంది. గుంట ఉన్న వైపుకు దాని నుంచి ఒక కొమ్మ చీలుతుంది. నిలువు గీత, పక్కన చిన్న గీత: అక్షరం తయారు.

బీట రూపాన్ని ముప్పాతిక వంతు ఉలి ముందే రాసిపెట్టిందన్నమాట. దేవతలకూ పితృదేవతలకూ మిగిలింది ఆ కొమ్మ ఎంత ఏటవాలుగా పోవాలన్నదే!

బీట పడేటప్పుడు చప్పుడు కూడా వస్తుంది. మనం 'పుటుక్కున' అంటాం. భాషావేత్తలు పునర్నిర్మించిన ప్రాచీన చైనీస్ ఉచ్చారణలో ఈ మాట దాదాపు 'పొక్'. ఆ చప్పుడే మాటయిందని చాలామంది అభిప్రాయం. ఉత్తరాది చైనీస్‌లో చివరి 'క్' రాలిపోయింది కానీ, కాంటనీస్‌లో ఇప్పటికీ 'పుక్', కొరియన్‌లో 'బొక్', జపనీస్‌లో 'బొకు'. రూపం బీటది, పలుకూ బీటదే.

తాబేలు చిప్ప మీద ఇంకో వింత. మధ్యగీతకు రెండు పక్కలా గుంటలను లోపలివైపుకే తొలిచేవారు. కాబట్టి కుడి సగంలో బీటల కొమ్మలు ఎడమకు, ఎడమ సగంలో కుడికి తిరుగుతాయి. అడిగిన ప్రశ్నను బీట పక్కనే చిప్ప మీద చెక్కిన లేఖకుడు కూడా ఈ అక్షరాన్ని సాధారణంగా ఆ బీట తిరిగిన వైపుకే తిప్పి చెక్కాడు. ముందున్న బీటను చూసి రాసినట్టుంటుంది. కుడివైపే అన్న నియమం తర్వాత స్థిరపడింది.

రాజు వూ దింగ్ భార్య ఫూ హావ్ నిండు చూలాలిగా ఉన్నప్పటి చిప్ప ఒకటి దొరికింది. కాన్పు సుఖంగా జరుగుతుందా అని ప్రశ్న. పది రోజుల వారంలో 'దింగ్' రోజున అయితే మంచిది, 'గెంగ్' రోజున అయితే మహా శుభం అని రాజు బీటను చదివాడు. 31వ రోజున, ఒక 'జియా' రోజున, ప్రసవం అయింది. మంచి జరగలేదు, ఆడపిల్ల అని రాసిపెట్టారు. రాజు జోస్యం తప్పలేదు చూడండి, ఆయన చెప్పిన రోజులు వేరు కదా! మన పంచాంగంలో బల్లిపాటు పట్టిక ఉంటుంది, ఏ అవయవం మీద పడితే ఏ ఫలమో. ఫలించిందో లేదో రాసుకునే గడి మాత్రం ఉండదు. షాంగ్ వాళ్లు అప్పుడప్పుడైనా ఆ గడి నింపారు.

తర్వాతి తరాలు ఈ ఎముకలను మరిచిపోయాయి. రైతుల పొలాల్లో తేలిన ముక్కలు 'డ్రాగన్ ఎముకలు'గా మందుల దుకాణాలకు చేరాయి. 1899లో వాంగ్ యిరోంగ్ అనే పండితుడు వాటి మీది రాతను గుర్తించేలోపు ఎన్ని రాచప్రశ్నలు నూరి కషాయంలో కలిపేశారో.

అక్షరం మాత్రం ఎటూ పోలేదు. దాని కింద నోరు చేర్చితే 'ఫలం చెప్పడం'. పక్కన చంద్రుణ్ని చేర్చితే 'బయట'. 1950లలో మొదలైన లిపి సరళీకరణలో దానికి కొత్త ఉద్యోగం దొరికింది. 'లువొబొ' అనే మాటలో రెండో అక్షరానికి పది పైచిలుకు గీతలు గీయాల్సి వచ్చేది. పలుకు దగ్గరగా ఉందని దాని స్థానంలో ఈ రెండు గీతల అక్షరాన్ని కూర్చోబెట్టారు. లువొబొ అంటే ముల్లంగి. బీజింగ్ కూరగాయల బజారులో ధరల అట్ట మీద ఇవాళ షాంగ్ రాజుల బీట కనిపిస్తుంది, అరకిలో ఇంత అని.