రెండు అపాయింట్‌మెంట్ల మధ్య ఎముక ఏం చేస్తుంది

నా డెంటల్ ఫైలులో 14 తేదీలున్నాయి. మొదటి తేదీకీ చివరి తేదీకీ మధ్య 16 నెలలు. రెండు పళ్ల చోట ఇంప్లాంట్లు వేయించుకున్నాను, అంటే దవడ ఎముకలో వేరు బదులు టైటానియం స్క్రూ బిగించి, అది పట్టాక దాని మీద పన్ను ఆకారంలో క్యాప్ పెట్టడం. ఆ కుర్చీలో నేను పడుకున్న సమయమంతా కలిపినా పది పన్నెండు గంటలకు మించదు, మిగతాదంతా ఎదురుచూపే. రెండు పళ్లకి ఇంత కాలమా అని ఇంట్లోవాళ్లు, చుట్టాలు, వాకింగ్‌లో కలిసేవాళ్లు అందరూ అడిగారు, మొదట్లో నాకూ అదే అనుమానం. డాక్టరమ్మ ఓపిగ్గా బొమ్మలు గీసి చెప్పడం, నేను ఇంటికొచ్చి మళ్లీ చదువుకోవడం అలవాటయ్యాక తెలిసిందేమిటంటే, అసలు పని జరిగేది ఆ ఖాళీ నెలల్లోనే. డాక్టరు చోటు సిద్ధం చేసి పెడతారు, కట్టేది మన ఎముక. దాన్ని తొందరపెట్టడం ఎవరి తరమూ కాదు.

కింద కుడివైపు పెద్ద దవడ పన్ను, 12 ఏళ్ల కిందట రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించుకున్నది, నిలువునా చీలిపోయింది. పైన ఎడమవైపు దవడ పన్ను 9 ఏళ్ల కిందటే పీకించేశాను. వెనక పన్నే కదా, నవ్వితే కనబడదు కదా అని ఆ చోటు అలాగే వదిలేశాను. ఎక్కువ కాలం పట్టింది ఈ రెండోదానికే, ఎందుకో చెబుతాను.

మొదటి రోజు పన్ను జోలికే వెళ్లలేదు. రక్తపరీక్ష రాశారు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4 వచ్చింది, అది 7 దగ్గరికి వచ్చాకే మొదలుపెడదాం అన్నారు. రక్తంలో షుగర్ ఎక్కువగా ఉంటే సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి, సూక్ష్మజీవులతో పోరాడే తెల్ల కణాలు మందగిస్తాయి, ఎముక కట్టే కణాలు కూడా నెమ్మదిస్తాయి. అంటే గాయం మానడమూ ఆలస్యమే, ఎముక పట్టడమూ ఆలస్యమే. మన ఇళ్లలో షుగర్ లేని ఇల్లు వెతకాల్సి వస్తున్న రోజుల్లో ఈ ఒక్క పరీక్ష అడగకుండా ఇంప్లాంట్ వేస్తామనేవాళ్ల దగ్గర కాస్త ఆగి ఆలోచించమనే చెబుతాను. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకి కూడా గాయం మానడం, ఎముక పట్టడం ఇలాగే ఆలస్యమవుతాయి.

రెండు నెలల తర్వాత చీలిన పన్ను తీశారు. పన్ను దవడలో మేకులా దిగబడి ఉంటుందనుకుంటాం కానీ, అది నిజానికి వేలాడుతూ ఉంటుంది. పంటి వేరుకీ ఎముకకీ మధ్య దాదాపు 0.2 మిల్లీమీటర్ల సందులో వేలకొద్దీ సన్నని నారలు అల్లుకుని ఉంటాయి. నులక మంచం మీద పడుకుంటే మన బరువు నులకని లాగి, నులక పట్టెల్ని లాగినట్టు, మనం నమిలినప్పుడల్లా ఆ నారలు చుట్టూ ఉన్న ఎముకని లాగుతాయి. ఆ లాగుడే దవడ ఎముకని బతికిస్తుంది. పన్ను పోతే లాగేవాళ్లు లేరు, ఎముక కరిగిపోవడం మొదలవుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ చోట ఎముక వెడల్పు సుమారు సగానికి పడిపోవచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుంది. ముఖ్యంగా బుగ్గ వైపు గోడ, చాలామందిలో మిల్లీమీటరు కూడా ఉండదది, ముందు కరిగేది అదే. అందుకని పన్ను తీసిన వెంటనే ఆ గుంటలో తెల్లటి పొడి నింపి కుట్టేశారు.

ఆ పొడి చాలాసార్లు పశువుల ఎముక నుంచి వస్తుంది, ప్రోటీన్లన్నీ తీసేసి ఖనిజం మాత్రమే మిగిల్చి శుద్ధి చేస్తారు. పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడగాలి, కృత్రిమంగా తయారుచేసిన కాల్షియం ఫాస్ఫేట్ పొడి కూడా దొరుకుతుంది. ఏదైనా చేసే పని ఒకటే. స్లాబు పోసేటప్పుడు కింద కట్టే సెంట్రింగ్ లాంటిదది. గుంటలో ముందు రక్తం గడ్డకడుతుంది, దాంట్లోకి కొత్త రక్తనాళాలు పాకుతాయి, వాటి వెంట ఎముక కణాలు వచ్చి ఆ పొడి రేణువుల్ని పట్టుకుని కట్టడం మొదలుపెడతాయి. నాలుగు నెలలు.

ఈలోగా పై దవడ పని. స్కాన్ తెరమీద చూపించినప్పుడు నాకు నిజంగా బాధేసింది. పై దవడ పళ్ల వేళ్లకి పైన, బుగ్గ వెనక ఎముక లోపల గాలి నిండిన గది ఒకటుంటుంది, జలుబు చేసినప్పుడు బరువెక్కే సైనస్ అదే. పన్ను ఉన్నంతకాలం అది తన హద్దులో ఉంటుంది. పన్ను పోయాక ఏళ్ల తరబడి కిందికి విస్తరిస్తూ వస్తుంది, కింది నుంచి ఎముక కూడా కరుగుతూ పోతుంది. 9 ఏళ్లలో నాకు మిగిలింది 4 మిల్లీమీటర్లు. స్క్రూ పొడవే 10. అందుకే ముందు సైనస్ లిఫ్ట్ అనే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. పన్ను పీకించిన వెంటనే ఇంప్లాంట్ వేయించుకుని ఉంటే అది బహుశా అవసరమయ్యేది కాదు.

సైనస్ లిఫ్ట్ అంటే ఆ గది అడుగున ఉండే పల్చని పొరని చిరగకుండా పైకి ఎత్తి, ఏర్పడిన ఖాళీలో ఎముక పొడి నింపడం. కోడిగుడ్డు పెంకు వలిచినప్పుడు లోపల తెల్లటి పొర ఉంటుంది చూడండి, దాన్ని తలుచుకుంటే ఆ పని ఎంత నాజూకైనదో తెలుస్తుంది. రెండు వారాలు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచే తుమ్మాలి, స్ట్రాతో తాగకూడదు. ఒత్తిడికి ఆ పొర చిరిగితే పొడి చెదిరిపోతుంది. తుమ్ము వస్తుందేమో అని నాకు నిద్రలో కూడా టెన్షనే. అక్కడ ఎముక కట్టడానికి ఆరు నెలలు.

ఎముకలో లోహం పెడితే శరీరం ఎందుకు ఊరుకుంటుందని చాలామంది అడుగుతారు. దీనికి జవాబు అనుకోకుండా దొరికింది. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు ఎముక లోపల రక్తప్రవాహాన్ని చూడాలని కుందేలు కాలి ఎముకలో చిన్న టైటానియం పరికరం అమర్చాడు. పని అయ్యాక తీద్దామంటే రాలేదు, ఎముక దాన్ని పట్టేసుకుంది. ఇంకొకరైతే పరికరం పాడైందని విసుక్కుని ఊరుకునేవారేమో, ఆయన మాత్రం మిగతా జీవితమంతా ఆ పట్టు మీదే పెట్టాడు. 1965లో గోతెన్‌బర్గ్‌లో గోస్టా లార్సన్ అనే రోగి కింది దవడలో మొదటి టైటానియం వేర్లు పెట్టాడు. ఆ మనిషి 2006లో చనిపోయేదాకా, 40 ఏళ్లు పైబడి, అవి పనిచేశాయి. అయినా మిగతా ప్రపంచం నమ్మడానికి 1982లో టొరంటోలో జరిగిన సదస్సు దాకా పట్టింది.

టైటానియంకి గాలి తగిలీ తగలగానే దాని మీద కొన్ని నానోమీటర్ల మందంలో ఆక్సైడ్ పొర కడుతుంది, గీత పడినా వెంటనే మళ్లీ కట్టుకుంటుంది. మన కణాలకి తగిలేది ఆ పొరే, అది శరీరంతో పేచీ పెట్టుకోదు. ఈ లోహం పుట్టిల్లు మనకి దూరమేమీ కాదు, భీమిలి తీరంలో నల్లగా మెరిసే ఇసుకలో ఇల్మెనైట్ ఉంటుంది, ఇనుమూ టైటానియమూ ఆక్సిజనూ కలిసిన ఖనిజం అది. ఇప్పటి స్క్రూల ఉపరితలాన్ని కావాలనే గరుకుగా చేస్తారు, కంటికి కనబడని గుంటలు పడేలా. నున్నటి గోడ మీద కన్నా గరుకు గోడ మీద సున్నం బాగా పట్టినట్టే, కణాలకి కూడా గరుకుతనమే ఇష్టం.

కింది దవడలో స్క్రూ పెట్టిన రోజు నేను భయపడినంత నొప్పి లేదు, మత్తు ఇంజెక్షన్ చురుక్కుమంది, అంతే. డ్రిల్ మాత్రం వింతగా నెమ్మదిగా తిరిగింది. పిప్పి పన్ను తొలిచే యంత్రం నిమిషానికి మూడు నాలుగు లక్షల చుట్లు తిరుగుతుంది. ఇది వెయ్యికి అటూ ఇటూ, పైగా చల్లటి సెలైన్ ఆగకుండా పడుతూనే ఉంది. ఎముక 47 డిగ్రీల వేడిని ఒక్క నిమిషం భరిస్తే చాలు, అక్కడి కణాలు దెబ్బతింటాయి. మనం తాగే కాఫీ అంతకన్నా వేడిగా ఉంటుంది. ముందు 2 మిల్లీమీటర్ల డ్రిల్, తర్వాత కొంచెం లావుది, ఇంకొంచెం లావుది. ఆ తర్వాత స్క్రూ పెట్టి, చేత్తో తిప్పే చిన్న రెంచితో బిగించారు. కటకట చప్పుడు ఎముకలోంచి నేరుగా చెవిలోకి వినిపించింది. "ముప్పై అయిదు, రాసుకో" అని డాక్టరమ్మ సిస్టర్‌కి చెప్పారు, బిగువు కొలత అది.

మూడో వారానికి వాపు లేదు, నొప్పి లేదు. అంతా అతుక్కుపోయిందనుకుని మా చెల్లెలింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లినప్పుడు ఆ వైపే చేగోడీలు నమిలాను. నాలుగో వారం చెకప్‌లో స్క్రూ మీద చిన్న మేకు లాంటిది బిగించి, పెన్ను లాంటి పరికరం దగ్గరగా పెట్టారు. తాకకుండానే టిక్ మని శబ్దం చేసి అంకె చూపించింది. స్క్రూ ఎంత గట్టిగా ఉందో దాని కంపనాన్ని బట్టి చెప్పే యంత్రమది, బిగువుగా ఉంటే అంకె పెద్దది. వేసిన రోజు 70. ఇప్పుడు 64.

నా గుండె జారిపోయింది. "కంగారు పడకండమ్మా, ఈ వారాల్లో తగ్గడం మామూలే, కానీ నమలడం మాత్రం తప్పు" అన్నారు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇదే. పందిరి గుంజ పాతగానే కదలదు, చుట్టూ మట్టి దిమ్మిస్ చేసి ఉంటుంది గనక. స్క్రూకి మొదటి రోజు ఉన్న బిగువు అలాంటిది, వట్టి ఒరిపిడి. తర్వాత శరీరం తన పని మొదలుపెడుతుంది, డ్రిల్‌కి నలిగిన ఎముకని ఆస్టియోక్లాస్టులనే కణాలు ముందు కరిగించేస్తాయి. ఆ వెనకే ఆస్టియోబ్లాస్టులు వచ్చి కొత్త ఎముక పోస్తాయి. కరిగించడానికి రెండు మూడు వారాలు చాలు, పోసింది గట్టిపడటానికి నెలలు కావాలి. కాబట్టి మూడు, నాలుగు వారాల దగ్గర పాత పట్టు సడలి ఉంటుంది, కొత్త పట్టు ఇంకా రాలేదు. మనకి హాయిగా అనిపించే ఆ వారాల్లోనే స్క్రూ అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. అప్పుడు అది 100, 150 మైక్రాన్లకు మించి, అంటే ఒకటి రెండు వెంట్రుకల మందం, పదే పదే కదిలితే చుట్టూ ఎముకకి బదులు మెత్తటి కండ పెరుగుతుంది, ఇంప్లాంట్ ఊడిపోతుంది. నా అదృష్టం బాగుంది. పన్నెండో వారంలో అంకె 76.

అప్పుడే మా తమ్ముడు న్యూజెర్సీ నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, డిసెంబర్లో మూడు వారాలు వస్తున్నా, నాకూ ఒకటి వేయించాలి, అయిపోతుందా?" అక్కడి ఖర్చు చూసి ఇక్కడికొచ్చి చేయించుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్క ట్రిప్పులో అయిపోదురా అని చెప్పాను. పన్ను తీసి పొడి నింపడం ఒక సెలవులో, స్క్రూ ఇంకో సెలవులో, క్యాప్ మూడో సెలవులో అనుకుంటే కుదురుతుంది, ఎముక బాగుంటే రెండు సెలవులు చాలు. మూడు రోజుల్లో పళ్లు అన్న ప్రకటనలు పంపించాడు. దవడలో గట్టి ఎముక ఉండి, నాలుగైదు స్క్రూలని ఒకే కమ్మీతో కలిపి కడితే ఒకదానికొకటి ఆసరాగా కదలకుండా ఉంటాయి, అలాంటప్పుడు రోజుల్లోనే పళ్లు బిగించగలరన్నది నిజమే. అక్కడ కూడా కింద ఎముక పట్టడానికి నెలలే కావాలి. ఒంటరి దవడ పన్నుకి, అందులోనూ పొడి నింపిన చోట, ఆ లెక్క చెప్పడం నాకు అన్యాయం అనిపిస్తుంది. అంత డబ్బు పోసేవాడికి అసలు సంగతి తెలియాలి.

మిగతావి గబగబా గడిచాయి. పై దవడలో కూడా స్క్రూ పెట్టారు, అదీ మానింది, నోట్లో కెమెరా తిప్పి కొలతలు తీశారు, ట్రయల్ చూశారు, జిర్కోనియా అనే తెల్లటి గట్టి పింగాణీ క్యాపులు వచ్చాయి.

చివరి అపాయింట్‌మెంట్ నాకు బాగా గుర్తు. పళ్ల మధ్య సన్నని నీలం కాగితం పెట్టి "మెల్లగా కొరకండి" అన్నారు. పక్క పళ్ల మీద నీలం చుక్కలు పడ్డాయి, కొత్త పన్ను మీద పడలేదు. "ఇప్పుడు గట్టిగా." అప్పుడు కొత్త పన్ను మీద లేతగా ఒక చుక్క. అలాగే ఉండాలట. అసలు పళ్లు నులక మీద ఉన్నట్టు కాస్త కిందికి దిగుతాయి, ఇంప్లాంట్ ఎముకలోనే నాటుకుని ఉంటుంది గనక దిగదు. సమానంగా ఉంచితే భారమంతా దాని మీదే పడుతుంది. నాలుగుసార్లు అరగదీసి, నాలుగుసార్లు కాగితం పెట్టి చూశారు.

ఆ నారలు లేకపోవడం వల్ల ఇంకో తేడా ఉంది. అసలు పన్ను 20 మైక్రాన్ల రేకుని కూడా పసిగడుతుంది, ఆ కబురు మోసేది నారల్లోని నరాలే. ఇంప్లాంట్‌కి ఆ నరాలు లేవు, ఒత్తిడి ఎముక దాకా వెళ్లాకే తెలుస్తుంది. చిగురు కూడా అసలు పంటిని కుట్టినట్టు పట్టుకుంటుంది, స్క్రూని చుట్టూ ఆనుకుని ఉంటుందంతే, అందుకే సూక్ష్మజీవులు సులువుగా లోపలికి జారతాయి. సరిగా శుభ్రం చేసుకుంటే నూటికి తొంభైకి పైగా పదేళ్లు దాటి నిలుస్తాయి, చేసుకోకపోతే చుట్టూ ఎముక నొప్పి తెలియకుండానే కరిగిపోతుంది. రాత్రిపూట సందుల్లో తోమే చిన్న బ్రష్ వాడుతున్నాను, ఒక్క రోజు కూడా మానలేదు.

మొన్న పప్పన్నంలో చిన్న రాయి వచ్చింది. కుడివైపే నములుతున్నాను. ఇదివరకైతే తగలగానే దవడ దానంతటదే ఆగేది. ఈసారి ఒక్క క్షణం ఆలస్యంగా, లోపలెక్కడో ఎముకలో టక్ మన్నట్టు తెలిసింది. రాయి తీసి పక్కన పెట్టి, అద్దంలో పన్ను చూసుకున్నాను. ఏమీ కాలేదు. ఆరు నెలలకోసారి ఎక్స్‌రే తీస్తామన్నారు, తర్వాతి తేదీ సంక్రాంతి వెళ్లాక.