డొంక ఎందుకు లోతెక్కుతుంది?

పొదిలి నుంచి కనిగిరి, పామూరు వైపు ఎర్ర నేలల్లో తిరిగినవాళ్లకు డొంక అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. రెండు పక్కలా పొలాలు ఎత్తులో ఉంటాయి, మధ్యలో బండి దారి కిందికి దిగిపోయి ఉంటుంది. కొన్నిచోట్ల డొంకలో నడిచే మనిషి తలపాగా ఒక్కటే చేలో ఉన్నవాళ్లకు కనిపిస్తుంది. గట్ల మీద తాటిచెట్లు, జెముడు, చిల్లచెట్లు. ఈ దారిని ఎవరూ పార పట్టి తవ్వలేదు. మరి అంత లోతుకు ఎలా దిగింది?

ఎద్దు గిట్ట, ఇనుప పట్టా వేసిన బండి చక్రం నేల పైపొరను నలగ్గొడతాయి. నలిగిన మట్టి ఎండాకాలంలో దుమ్మవుతుంది, దాంట్లో కొంత పడమటి గాలి ఎత్తుకుపోతుంది. మిగతా పని వానది. చక్రాలు చేసిన గాడి నీటికి తయారుగా ఉన్న కాలువ. పక్కనున్న నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజుల్లో కుమ్మరించి పోతుంది. ఆ నీళ్లు డొంకలోకి దిగి, వదులుగా ఉన్న మట్టిని ఊడ్చుకుంటూ వాగులో కలుపుతాయి. దారి ఒకసారి చుట్టూ ఉన్న నేలకన్నా జానెడు కిందికి దిగిందా, ఇక పక్క చేల నీళ్లు కూడా అందులోకే వస్తాయి. అంటే లోతే లోతును పెంచుతుంది. ఒక్క ఏడాదిలో తేడా కంటికి కనపడదు. కానీ ఊళ్లు వందల ఏళ్లుగా ఉన్నాయి, బళ్లూ వందల ఏళ్లుగా నడిచాయి.

అయితే బళ్లు నడిచిన ప్రతిచోటా దారి ఇలా దిగలేదు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో చూడండి. అక్కడి బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. గట్టు నిటారుగా నిలవదు, ప్రతి వానకూ కొంచెం జారి దారిలో పడుతుంది. పైగా వానాకాలంలో అడుసులో దిగబడకుండా బండివాడు పక్కకు తోలతాడు. కాబట్టి అక్కడ డొంక లోతుకన్నా వెడల్పే ఎక్కువ పెరుగుతుంది. కొత్తపట్నం, మైపాడు దగ్గర తీరపు ఇసుకలోనైతే గోడ అన్న మాటే లేదు. పొడి ఇసుకను ఎలా పోసినా దాదాపు 34 డిగ్రీల వాలు దాటి నిలవదు, జారిపోతుంది. దారి లోతెక్కాలంటే మట్టి రెండు పనులు చేయగలగాలి. కాలి కింద సులువుగా నలగాలి, పక్కన గోడగా నిలబడాలి. ఒకే మట్టిలో ఈ రెండు గుణాలూ ఉండటం అరుదు. మన ఎర్ర గరప నేలల్లో ఇనుము ఆక్సైడ్లు రేణువులను పట్టి ఉంచడం వల్ల కొంతవరకు సాధ్యమైంది.

ఈ రెండు గుణాలూ నిండుగా ఉన్న మట్టి ప్రపంచంలో మరోటి ఉంది. దాని పేరు లోయస్. దక్షిణ భారతంలో దాని పొరలు లేవు, మన దేశంలో చూడాలంటే కాశ్మీరు లోయకు వెళ్లాలి. దాని మధ్య దిగిన డొంకలు చూడాలంటే జర్మనీలో ఫ్రైబుర్గ్ నగరం దగ్గర కైజర్‌స్టూల్ అనే కొండల గుంపు చాలా మంచి చోటు. కొండలు అగ్నిపర్వతం మిగిల్చినవి, వాటి మీద కప్పిన దుప్పటి లోయస్, దాని మీద ద్రాక్ష తోటలు. బికెన్‌సోల్ లాంటి ఊళ్ల నుంచి తోటల్లోకి వెళ్లే పాత బండి దారులు లేత పసుపు గోడల మధ్య కొన్నిచోట్ల 10 మీటర్లకు పైగా లోతుకు దిగాయి. నడక తేలికే, ఎక్కుడు పెద్దగా ఉండదు. మన డొంకలో పొదిలి రైతును నడిపిస్తే కుడి ఎడమలు చూసుకుంటూ పోతాడు. అక్కడైతే తల పూర్తిగా వెనక్కి వాల్చి పైకి చూడాలి.

ఆ మట్టి అక్కడ పుట్టింది కాదు, గాలి తెచ్చి పోసింది. మంచుయుగాల్లో ఆల్ప్స్ హిమానీనదాలు కింది రాళ్లను పిండి చేశాయి. కరిగిన నీళ్లు ఆ పిండిని రైన్ నది మైదానంలో పరిచాయి. చలికాలంలో నీళ్లు తగ్గి మైదానం ఎండిపోయినప్పుడు గాలి దాన్ని లేపింది. ఇక్కడ గాలి జల్లెడ పట్టిన తీరు చూడదగ్గది. ఇసుక రేణువు బరువు, అందుకే నేలకు దగ్గరగా గెంతుకుంటూ పోయి తొందరగానే ఆగిపోతుంది. బంకమన్ను రేణువులు మరీ సన్నం, ఒకదాన్నొకటి అంటుకుని ఉండటం వల్ల గాలికి లేవవు. ఈ రెంటి మధ్య ఉన్న ఒండ్రు రేణువులు, సుమారు 0.01 నుంచి 0.06 మిల్లీమీటర్లవి, గాలిలో తేలుతూ దూరాలు పోతాయి. గడ్డి ఉన్నచోట వాలి, అక్కడే చిక్కుకుంటాయి. దుమ్ము పేరుకున్నకొద్దీ గడ్డి పైకి పెరిగింది, వేళ్లు నిలువు గొట్టాల్లా లోపల మిగిలాయి.

లోయస్ గాలి తెచ్చిన మట్టేనని గట్టిగా వాదించినవాడు జర్మన్ భూగర్భ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ ఫాన్ రిక్త్‌హోఫెన్. 1868 నుంచి 1872 దాకా చైనా అంతా తిరిగి, అక్కడి పసుపు నేలను చూశాక ఈ మాటన్నాడు. అప్పటిదాకా చాలామంది దాన్ని నీళ్లు తెచ్చిన మట్టిగానే లెక్కగట్టారు. చైనాలో లోయస్ పీఠభూమి సుమారు 6.4 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా దానిలో సగం కావు. మందం చాలాచోట్ల 100 మీటర్లు దాటుతుంది. పసుపు నదికి ఆ రంగు, ఆ పేరు ఈ మట్టి నుంచే వచ్చాయి.

ఇంత వదులు మట్టి నిటారు గోడగా ఎలా నిలుస్తుంది? మన ఇళ్లలో చేసే బొరుగుల ఉండను గుర్తు తెచ్చుకోండి. ఉండలో సగం ఖాళీయే. బొరుగులు ఒకదానికొకటి తాకే చోట మాత్రమే బెల్లం పాకం అంటుకుని ఉంటుంది, ఆ కొద్ది పాకమే ఉండను ఉండగా నిలుపుతుంది. లోయస్‌లోనూ దాదాపు సగం పరిమాణం ఖాళీయే. రేణువులు తాకే చోట్ల సున్నం, కొద్దిపాటి బంకమన్ను పాకంలా పనిచేస్తాయి. పొడిగా ఉన్నంతకాలం గోడ దశాబ్దాల తరబడి కదలదు. ఉండను నీళ్లలో ముంచితే ఏమవుతుందో లోయస్ బాగా నానితే అదే అవుతుంది: అతుకులు వీడతాయి, ఖాళీలు మూసుకుపోయి నేల ఒక్కసారిగా కుంగుతుంది. అందుకే లోయస్ ప్రాంతాల్లో రోడ్డు కోసం గట్టు కోసేటప్పుడు ఇంజినీర్లు చాలాచోట్ల వాలుగా కాకుండా నిటారుగా కోస్తారు. వాలు మీద వాన పడి చారలు చారలుగా కోసేస్తుంది, నిటారు గోడ మీద పడే వాన తక్కువ. మన రోడ్డు పనులు చూసిన కంటికి ఇది తలకిందుల లెక్క.

ఈ గుణాన్ని నమ్ముకుని మనుషులు ఇళ్లే తవ్వుకున్నారు. అమెరికాలో మిసిసిపి నది గట్టున ఉన్న విక్స్‌బర్గ్‌ను 1863లో అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం ముట్టడించినప్పుడు ఊరి జనం లోయస్ గట్లలో గుహలు తవ్వి ఫిరంగి గుండ్ల నుంచి తలదాచుకున్నారు. చైనాలో కోట్లమంది తరతరాలుగా లోయస్ గుహల్లో కాపురాలు చేశారు. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటాయి. కానీ భూకంపానికి ఆ అతుకులు ఆగవు. 1556లో షాన్‌షీ ప్రాంతంలో వచ్చిన భూకంపంలో సుమారు 8.3 లక్షల మంది చనిపోయారని చరిత్ర చెబుతుంది. వారిలో ఎందరో గుహల కిందే ఉండిపోయారు. 1920లో హైయువాన్ భూకంపం కొండచరియలను ఊళ్ల మీదికి తోసింది, మృతులు 2 లక్షలకు పైనే. లోయస్ డొంకలో నడిచేవాళ్లు వాన వెలిసిన వెంటనే వెళ్లకూడదనీ, కింద తొలిచినట్టున్న గోడ పక్కన ఆగకూడదనీ అనడం భయపెట్టడానికి కాదు. గోడ నిలువు చీలికల వెంట పలకలుగా విడిపడుతుంది, ముందు చప్పుడు కూడా చేయదు.

గోడను దగ్గరగా చూస్తే దానిలో వాతావరణ చరిత్ర కనిపిస్తుంది. అక్కడక్కడా చిన్న తెల్ల నత్త గుల్లలుంటాయి, మంచుయుగపు గడ్డిలో బతికినవి. పసుపు పొరల మధ్య ముదురు గోధుమ, ఎరుపు పట్టెలుంటాయి. పసుపు పొర అంటే చలి, పొడి గాలి, దుమ్ము. ముదురు పట్టె అంటే వెచ్చదనం, వాన, చెట్టూ చేమా పెరిగి దుమ్ము నేలగా మారిన కాలం. చైనాలో ఇలాంటి పట్టెలు 30కి పైగా ఒకదానిపై ఒకటి ఉన్నాయి, అన్నిటికన్నా కిందివాటి వయసు సుమారు 26 లక్షల ఏళ్లు. ఒక రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నాళ్లయిందో దాని నుంచి వచ్చే సన్నని వెలుగును కొలిచి లెక్కగట్టే పద్ధతి 1985లో వచ్చింది. పొరల వయసు తేల్చడంలో అది పెద్ద మలుపు. నాకైతే ఈ శాస్త్రం మొత్తంలో ఇంతకన్నా అబ్బురమైన సంగతి లేదు. చీకట్లో పూడిపోయిన దుమ్ము రేణువు కూడా కాలాన్ని లెక్కపెట్టుకుంటూ ఉంటుంది.

గోడల్లోని బొరియలు మాత్రం ఈనాటివి. ఒంటరి తేనెటీగలు, తేనెటీగలను పట్టి తినే రంగురంగుల పిట్టలు కైజర్‌స్టూల్ లోయస్‌లో గూళ్లు తొలుస్తాయి. మన కరెంటు తీగల మీద వాలే సన్నని ఆకుపచ్చ పిట్టలు వాటి బంధువులే, అవీ ఇసుక గట్లలోనే బొరియ పెడతాయి. మన లకుముకి పిట్ట కూడా చెట్టు మీద గూడు కట్టదు, మట్టి గట్టునే తొలుస్తుంది. డొంక గట్టు కూలితే, చదును చేస్తే దానికి ఇల్లుండదు.

1960, 70లలో యంత్రాలతో పెద్ద పెద్ద మెట్ల తోటలు చేసినప్పుడు కైజర్‌స్టూల్‌లో చాలా పాత డొంకలు మాయమయ్యాయి. మిగిలినవాటిని ఇప్పుడు జాగ్రత్తగా కాపాడుకుంటున్నారు, నడిచేవాళ్లకు బాటలు గుర్తులు పెట్టి చూపిస్తున్నారు. మన దగ్గర ఇప్పుడు ఆ తొలి దశే నడుస్తోంది. బళ్లు పోయాయి, ట్రాక్టరుకు ఇరుకు డొంక సరిపోదు. జేసీబీ వచ్చి ఒక్క పూటలో గట్లు కొట్టి, గ్రావెల్ తోలి చదును చేస్తుంది. రైతుకు రోడ్డు కావాలి, అందులో తప్పులేదు. కానీ ఊరికి ఒక్క డొంకనైనా ఫొటోలు తీసి, గట్టు ఎత్తు కొలిచి, పొరలు రాసిపెట్టాక కొట్టమని నా కోరిక. బడి పిల్లలు సగం రోజులో చేయగల పని ఇది.

కావలసినవి టేపు, నోటు పుస్తకం, రెండు గాజు గ్లాసులు. గట్టు నుంచి ఒక పొడి గడ్డ తీసి నీళ్ల గ్లాసులో వేయండి, నల్లరేగడి గడ్డ ఇంకో గ్లాసులో వేయండి. ఏది ఎంతసేపట్లో విచ్చుకుందో గడియారం చూసి రాయండి. మట్టిలో తెల్లటి సున్నపు గుండ్లు దొరికితే ఒకదాన్ని పొడి చేసి నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి. బుడగలు వస్తే అది సున్నమే. లోయస్ గోడల్లోనూ ఇలాంటి గుండ్లే దొరుకుతాయి. బొమ్మల్లా వంకరటింకరగా ఉంటాయని అక్కడివాళ్లు వాటిని లోయస్ పాపలంటారు. వాన నీరు పైపొరల్లోని సున్నాన్ని కరిగించి కిందికి దింపగా, అక్కడ మళ్లీ గడ్డకట్టి తయారైనవే ఇవి.